చెరొక డిస్కు

మా బీరువాలో పట్టుచీరల అరలో ఒక హార్డ్ డిస్కు ఉంది. చిన్న పుస్తకమంత ఉంటుంది కానీ ఇనప ముక్కలా బరువు. మామగారి పాత కండువాలో చుట్టి పెట్టాను కాబట్టి ఎవరైనా చూస్తే నగల పెట్టె అనుకుంటారు. అందులో తాడేపల్లిగూడెం చుట్టుపక్కల జరిగిన పెళ్ళిళ్ళు సగం సగం ఉన్నాయి. సగం అంటే కొన్ని పెళ్ళిళ్ళు ఉండి కొన్ని లేకపోవడం కాదు. ప్రతి పెళ్ళీ సగమే. మంగళసూత్రం పట్టుకున్న చెయ్యి ఇందులో ఉంటే, అది కట్టిన మెడ రెండో డిస్కులో ఉంటుంది. ఆ రెండోది ఏలూరులో మా మరిది ఇంటికి వెళ్ళింది. మా అమ్మ కూడా అలాగే సగం ఇక్కడ ఉండిపోయింది, సగం అక్కడికి వెళ్ళింది.

నేను చదివింది అయిదో తరగతి. మా పుట్టిల్లు కైకలూరు దాటాక కొల్లేటి గట్టున ఉన్న పల్లె. ఆరో తరగతికి పక్క ఊరు వెళ్ళాలి, వానాకాలం దారి మునిగిపోయేది, ఆడపిల్లని ఏం పంపుతాంలే అన్నారు. అన్నయ్యల్ని మాత్రం పంపారు, వాళ్ళకి అదే దారి మునగలేదు. రాసుకునే అలవాటు లేదు కాబట్టి ఏదైనా ఒకసారి వింటే పట్టేసుకోవడం నేర్చుకున్నాను. ఇప్పటికీ ఎవరి పెళ్ళిలో ఎవరు అలిగారో, ఎందుకు అలిగారో మావాళ్ళు నన్నే అడుగుతారు. ఈ డిస్కుల సంగతి కూడా అలా విని తెలుసుకున్నదే. వడ్డించే మనిషి ముందు ఎవరూ మాటలు దాచుకోరు.

మా మామగారు పురోహితులు. కొడుకులిద్దరూ మంత్రాలు సగంలో వదిలేసి కెమెరా పట్టుకున్నారు. మావారు వీడియోలు తీసేవారు. మరిది షాపులో కూర్చుని వాటిని కత్తిరించి, అతికించి, పాటలు పెట్టి పెళ్ళివారికి ఇచ్చేవాడు. పీటల పక్కన మామగారు, పీటల ముందు కొడుకులు. పెళ్ళివారు మా గుమ్మం ఒకసారి ఎక్కితే రెండు పనులూ కుదిరిపోయేవి. “మంత్రం నేను మింగేస్తే ఎవరికీ తెలియదురా. మీరు ముత్తైదువ మొహం మింగేస్తే ఊరంతా మన ఇంటికొస్తుంది” అనేవారు మామగారు.

వీడియోలు పెద్దవైపోయి కంప్యూటర్ మొరాయిస్తోందని మరిది ఒకసారి దాన్ని విప్పి కొత్తగా అమర్చాడు. ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర మామగారికి చెప్పడం నాకు బాగా గుర్తు.

“రెండు డిస్కులు పెట్టాను నాన్నగారూ. కంప్యూటర్‌కి మాత్రం ఒక్కటే ఉన్నట్టు కనబడుతుంది. వీడియోని ముక్కలు ముక్కలు చేసి ఒక ముక్క ఇందులో రాస్తుంది, తర్వాతి ముక్క అందులో రాస్తుంది. రెండూ ఒకేసారి రాస్తాయి కాబట్టి పని తొందరగా అవుతుంది.”

“ఒకటి పాడైతేనో?” అన్నారు మామగారు.

“రెండోది బాగున్నా లేనట్టేనండి. సగం ముక్కలతో ఏమొస్తుంది? అందుకే ఎప్పటికప్పుడు ఇంకోచోట కాపీ పెట్టుకోవాలి. దానికి వేరే డిస్కు కొనాలి.”

“చూద్దాంలే” అన్నారు మావారు మజ్జిగ కలుపుకుంటూ.

నాకు వడ్డిస్తూండగానే అర్థమైంది. శుక్రవారం పారాయణానికి ఆడవాళ్ళం రెండు వరసలుగా కూర్చుంటాం. ఇటు వరస ఒక పాదం చదివితే అటు వరస తర్వాతి పాదం అందుకుంటుంది. గొంతు అలసిపోదు, గబగబా అయిపోతుంది. అటు వరస లేచి వెళ్ళిపోతే మాత్రం ఇటు మిగిలినదాన్ని స్తోత్రం అనరు. అంతకంటే ఇందులో ఏమీ లేదు. మా ఇంట్లో మగవాళ్ళకి ఇది తెలియక జరిగిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. తెలిసే జరిగింది.

ఒకసారి మాఘమాసంలో పెళ్ళిళ్ళు ముమ్మరంగా ఉన్నప్పుడు ఆ రెండింటిలో ఒకటి నిజంగానే చెడిపోయింది. మరిది రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఆల్బములు కావాలని, ఇంకో కాపీ కావాలని అడిగేవాళ్ళు ఉన్నారు. చేసేదిలేక, అంతకుముందు పెళ్ళివారికి మేమిచ్చిన పెన్ డ్రైవులే మళ్ళీ అడిగి తెచ్చుకోవడానికి బండి మీద బయల్దేరాడు. కైకలూరు దగ్గర రొయ్యల చెరువులాయన ఇంటికి వెళితే ఆయన గుమ్మంలోనే ఆపేశాడట.

“మా అమ్మాయి పెళ్ళి మళ్ళీ మీకెందుకండీ? డబ్బులిచ్చేశాం కదా.”

“ఒక్కసారి చూసి ఇచ్చేస్తామండి.”

“ఆయ్, మేమే ఒక్కసారి చూళ్ళేదండి. మీకంత నచ్చిందా?”

మరిది ఇంటికొచ్చి అది చెబుతుంటే మామగారు పొలమారేదాకా నవ్వారు. అలా బయటివాళ్ళ బీరువాల్లోంచి బయటివాళ్ళ పెళ్ళిళ్ళన్నీ ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. కొత్త డిస్కు వేసి, వాటిని మళ్ళీ ఎక్కించి, షాపు తెరిచారు. తిరిగి రానివి మా ఇంటివే. ఇంటివి కాబట్టి ఎవరికీ పెన్ డ్రైవులో వేసి ఇవ్వలేదు. గట్టిగా అడిగేవాళ్ళు లేరు కాబట్టి వాటి వంతు ఎప్పుడూ రాలేదు. మా అమ్మాయి అక్షరాభ్యాసం అందులోనే పోయింది.

“ఇంట్లోవే కదా, మళ్ళీ తీసుకోవచ్చు” అన్నారు మావారు.

“అక్షరాభ్యాసం మళ్ళీ చేస్తారటండీ? పిల్ల మూడో తరగతికొచ్చింది” అన్నాను.

ఆ మాటకి పౌరుషం వచ్చిందేమో, కాపీల కోసమని ఒక డిస్కు కొన్నారు. వైశాఖం రాగానే చోటు చాలక అది కూడా పనిలోకి దిగింది, ఎవరో పెళ్ళివారి వీడియోలతో వాళ్ళింటికే వెళ్ళిపోయింది. తర్వాత దాని ఊసు ఎవరూ ఎత్తలేదు. ఆ ఏడు మావారు గాల్లో ఎగిరే కెమెరా కొన్నారు. పెళ్ళిపందిళ్ళ మీద అది ఎగురుతుంటే జనం తలంబ్రాలు మానేసి పైకి చూసేవారు.

మా తోటికోడలి సీమంతం మా ఇంట్లోనే జరిగింది. మా అమ్మ కొల్లేటి పల్లె నుంచి అరిసెలు పట్టుకుని వచ్చింది. మా అమ్మకి పాటలు చాలా వచ్చు. ఎవరింట్లో ఏ పేరంటం అయినా కబురు పెట్టేవారు. ఆ రోజు వేవిళ్ళ పాట పాడింది. కడుపుతో ఉన్న ఇల్లాలు నెలకొకటి కోరడం, మొగుడు తిప్పలు పడి అది తేవడం, అంతే పాట. రెండో నెల చింతచిగురు, మూడో నెల మామిడి పిందె, అలా వెళుతుంది. అయిదో నెలలో ఆవిడ తామరగింజలు కోరుతుంది. ఆయన పట్టుపంచె కట్టుకుని తాటిదోనె ఎక్కి కొల్లేట్లోకి వెళతాడు. దోనె తిరగబడుతుంది. గింజలు చేతిలోనే ఉంటాయి, పంచె మాత్రం నీళ్ళలో పోతుంది.

ఆ అయిదో నెల దగ్గర మా అమ్మకి నవ్వొచ్చేసింది. నేను కడుపులో ఉన్నప్పుడు మా నాన్నగారు నిజంగానే అలా పడ్డారు. ఊరి రేవులో చాకళ్ళు చూసి తువ్వాలు విసిరారట. పాటలో ముందునుంచీ అది ఉందో, మా నాన్నగారు పడ్డాక మా అమ్మే కలిపిందో నాకు తెలియదు, అడిగితే చెప్పలేదు. సీమంతం రోజున పాట ఆపి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, “ఉండండర్రా” అని, చిన్నపిల్లలా కిలకిల నవ్వి, ఎక్కడ ఆపిందో అక్కడే మళ్ళీ అందుకుంది. మా నాన్నగారు అప్పటికి పోయి చాలా ఏళ్ళైంది. ఆయన పోయాక మా అమ్మ అలా నవ్వడం నేను చూడలేదు. మరిది మంచి మైకు పెట్టి మొత్తం తీశాడు.

తర్వాత షాపుకి కాఫీ పట్టుకెళ్ళినప్పుడు ఒకసారి చూపించాడు. చెవులకి హెడ్‌ఫోను పెట్టి, “వినండి వదినగారూ, పక్కనే కూర్చుని పాడినట్టు ఉంటుంది” అన్నాడు. అలాగే ఉంది. కాపీ ఇమ్మని అడిగాను. నాది అప్పుడు బటన్ల ఫోను, అందులో పట్టదన్నాడు.

“పెన్ డ్రైవులో వేసివ్వు నాయనా.”

“కాస్త పని తగ్గనివ్వండి. మంచి టైటిలు వేసి, పువ్వులు పడుతున్నట్టు పెట్టి ఇస్తాను.”

“పువ్వులొద్దు, ఉన్నది ఉన్నట్టు ఇవ్వు.”

మావారిని అడిగాను. “ఇంట్లోదే కదా, ఎక్కడికి పోతుంది?” అన్నారు. అక్షరాభ్యాసం ఎక్కడికి పోయిందో అడిగితే గొడవవుతుందని ఊరుకున్నాను. నేను ఊరుకోవడం మా ఇంట్లో అందరికీ అలవాటైపోయింది.

ఆ తర్వాతి వానాకాలం మా అమ్మ పోయింది. ఇంకో ఏడాదికి మామగారు పోయారు. మామగారు ఉన్నంతకాలం అన్నదమ్ముల మధ్య ఏదో ఒక నవ్వు ఉండేది. ఆయన పోయాక ఏ పెళ్ళివారు ఎవరిని పిలిచారు, బోర్డు మీద ఎవరి పేరు ముందుంది, ఇవే మాటలు. నేను తీసినవి వాడు కత్తిరించి పేరు తెచ్చుకుంటున్నాడని మావారు అనేవారు. ఆయన వణికించి తీసినవి నేను కూర్చుని బాగుచేస్తున్నానని మరిది అనేవాడు. ఇద్దరూ నాకే చెప్పేవారు. మామగారి సంవత్సరీకం అయ్యాక వేరు పడదామనుకున్నారు. పంపకాలకి మావారి మేనమామగారు ఏలూరు నుంచి వచ్చారు.

మావాళ్ళలో పంపకాలంటే ఒక పద్ధతి ఉంది. ఉమ్మడిగా ఒక్క వస్తువు కూడా మిగలకూడదు. మిగిలితే దాని కోసం మళ్ళీ ఒకరి గుమ్మం ఒకరు తొక్కాలి, అక్కడ మాట పెరుగుతుందని పెద్దల భయం. అత్తగారి హయాంలో పంపకాల్లో పొత్రం ఒకరికి, రోలు ఒకరికి వెళ్ళిన ఇళ్ళు మా వీధిలోనే ఉన్నాయి. ఇద్దరూ పప్పు రుబ్బుకోలేదు, కానీ న్యాయం జరిగింది. మేనమామగారు హాల్లో చాప మీద కూర్చుని అలాగే వరసగా పంచుకుంటూ వచ్చారు. పెద్ద కెమెరా మావారికి, ఎగిరే కెమెరా మరిదికి. షాపు మావారికి, లైట్లన్నీ మరిదికి. చివరికి కంప్యూటర్ దగ్గరికొచ్చారు. తెర మరిదికి, పెట్టె మావారికి అన్నారు.

“పెట్టెలో డిస్కులున్నాయి మావయ్యా. పనంతా వాటిలోనే ఉంది” అన్నాడు మరిది.

“ఎన్ని ఉన్నాయి?”

“రెండు.”

“అయితే చెరొకటి. ఇంకేం?”

“అవి విడదీస్తే పనికిరావు మావయ్యా. రెండూ ఒకరి దగ్గరే ఉండాలి.”

“సరే, ఎవరి దగ్గర?”

“నా దగ్గర” అన్నారు మావారు. “బేరాలు ఒప్పుకున్నది నేను. రేపు ఎవరైనా వచ్చి అడిగితే నన్నే అడుగుతారు.”

“నా దగ్గర” అన్నాడు మరిది. “కూర్చుని చేసింది నేను. అందులో ఏది ఎక్కడుందో ఆయనకి తెలియదు.”

“కాపీ తీసి ఇద్దరూ చెరొకటి పెట్టుకోండిరా” అన్నారు మేనమామగారు. ఆ పూట అక్కడ వినబడిన తెలివైన మాట అదొక్కటే.

“తీస్తాను. రెండూ మా ఇంటికి పట్టుకెళ్ళి తీసి పంపిస్తాను” అన్నాడు మరిది.

“ఒకసారి గుమ్మం దాటితే తిరిగొస్తాయా?” అన్నారు మావారు. “ఇక్కడే కూర్చుని తియ్యి.”

“అన్నయ్య షాపులో ఇంక నేను కూర్చోను.”

నేను వంటింటి గడపలో నిలబడి ఉన్నాను. పెద్దల మధ్య మాట్లాడే అలవాటు నాకు లేదు. అయినా అన్నాను. “అందులో మా అమ్మ పాట ఉందండీ” అన్నాను. మేనమామగారు ఒకసారి నా వైపు చూసి, “అదంతా తర్వాత చూసుకుందాం తల్లీ, కాస్త కాఫీ ఇప్పించు” అన్నారు. మావారు చూడలేదు. మరిది తల దించుకున్నాడు.

నేను కాఫీలు తెచ్చేసరికి తేలిపోయింది. చెరొకటి. మరిది చివరిసారిగా, “ఒక్కటి నీకూ పనికిరాదన్నయ్యా, ఆలోచించు” అన్నాడు.

“నాకు పనికిరాకపోతే ఫర్వాలేదు. నీకు పనికిరాకుండా ఉంటే చాలు” అన్నారు మావారు.

మరిది లేచాడు. స్క్రూడ్రైవరు తెచ్చి, పెట్టె విప్పి, రెండింటినీ బయటకు తీసి, ఒకటి చాప మీద పెట్టాడు, ఒకటి జేబులో వేసుకున్నాడు. ఏది మొదటిదో, ఏది రెండోదో కూడా చెప్పలేదు, ఎవరూ అడగలేదు. మేనమామగారు కాఫీ బాగుందన్నారు.

మరిది ఏలూరు వెళ్ళి పవరుపేటలో షాపు పెట్టుకున్నాడు. అన్నదమ్ములు తద్దినానికి పక్కపక్కన పీటల మీద కూర్చుంటారు, పిండాలు పెడతారు, మాట్లాడుకోరు. ఆడవాళ్ళం మాత్రం ఫోనులో మాట్లాడుకుంటూనే ఉన్నాం. మా వంతుకొచ్చిన డిస్కు కొన్నాళ్ళు టీవీ బల్ల మీద దుమ్ము పట్టింది. చెమ్మ తగులుతుందని నేను తీసి బీరువాలో పెట్టుకున్నాను. వానాకాలం వస్తే పక్కన బియ్యం మూట కట్టి పెట్టేదాన్ని. నా చీరలకైనా అంత జాగ్రత్త చేయలేదు.

ఏళ్ళు గడిచాయి. మా అమ్మాయి పెళ్ళయింది, కడుపుతో ఉందని కబురొచ్చింది. ఆ కబురు తోటికోడలికి చెబుతుంటే అదే అంది.

“అక్కయ్యా, నా సీమంతంలో పిన్నిగారు పాడిన పాట దానికి వినిపిస్తే బాగుంటుంది కదా. మా దగ్గర డిస్కు బీరువా మీద అట్టపెట్టెలో పడి ఉంది. నీ దగ్గరది కూడా తీసుకునిరా. ఇక్కడ బాగుచేసే షాపు ఉంది. రెండూ కలిపి ఇస్తే వస్తుందట, అడిగాను.”

“మీ ఆయనకి తెలుసా?”

“మీ ఆయనకి తెలుసా?” అంది అది. ఇద్దరం నవ్వుకున్నాం.

మావారితో, మరిది పిల్లాడికి జ్వరమట, చూసి వస్తానని చెప్పాను. డిస్కుని కండువాతో సహా చేతిసంచిలో పెట్టుకుని, దాని మీద రెండు కొబ్బరికాయలు పెట్టి, మళ్ళీ దెబ్బ తగులుతుందేమోనని కొబ్బరికాయలు తీసేసి, ఏలూరు పాసింజరు ఎక్కాను. దిగేదాకా ఒళ్ళోనే పెట్టుకున్నాను. పక్కన కూర్చున్నావిడ, “ప్రసాదమా అండీ?” అని అడిగింది. అవునన్నాను. దెందులూరు దగ్గర కాలవలు నిండుగా ఉన్నాయి, నాట్లు వేస్తున్నారు. మా అమ్మే నా ఒళ్ళో ఉన్నట్టు ఉంది నాకు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది, ఆ దారంతా నేను ఆ పాట లోపల పాడుకుంటూనే ఉన్నాను.

షాపులో ఒక అమ్మాయి ఉంది. మాటలు తక్కువ, చేతులు చురుకు. రెండు డిస్కులూ అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఇవి విడదీసి ఎన్నాళ్ళైందండి?”

“చాలా ఏళ్ళైందమ్మా.”

“కొత్తవి కొనుక్కుంటే విడదీశారా?”

“అన్నదమ్ములు వేరుపడ్డారు” అంది తోటికోడలు.

ఆ అమ్మాయి మా ఇద్దరి మొహాలూ చూసి, నవ్వు ఆపుకుని, “అసలు వాటి మీద నేను చెయ్యి వెయ్యనండి. ముందు దేనికది మొత్తం కాపీ తీసుకుని, ఆ కాపీలని జత చేసి చూస్తాను. ఏది ముందో ఏది వెనకో తెలియకపోయినా ఫర్వాలేదు, మార్చి చూడొచ్చు. సాయంత్రం రండి” అంది.

మేం మరిది ఇంటికి వెళ్ళలేదు. రామకోటి మైదానం వైపు నడిచి, ఒక చెట్టు నీడన కూర్చుని, పులిహోర తిన్నాం. తోటికోడలు సీమంతం రోజు కట్టిన చీర ఏదో మరిచిపోయింది. ఆకుపచ్చ, మామిడిపిందెల అంచు అని చెప్పాను. “పిన్నిగారు నవ్వినప్పుడు నేను కూడా నవ్వాను, కడుపులో వీడు తన్నాడు” అంది. అది నాకు తెలియదు. ఆ రోజు గురించి నాకు తెలియనిది ఒకటి ఉందని అప్పుడే తెలిసింది.

సాయంత్రం వెళ్ళేసరికి ఆ అమ్మాయి మమ్మల్ని లోపలికి పిలిచి స్టూళ్ళు వేసింది. మంచివార్త చెప్పేవాళ్ళు కూర్చోమనరు.

“ఇది బాగుందండి” అని నా డిస్కు చూపించింది. “ఇన్నేళ్ళైనా ఒక్క గీత పోలేదు. ఇదిగో, ఈ రెండోది కూడా బాగానే ఉంది. కానీ దీన్ని తుడిచేసి విడిగా వాడుకున్నారు. నిండా వేరేవి ఉన్నాయి.”

తెర మీద చూపించింది. చేపల మేత కంపెనీ వాళ్ళ మీటింగు. ఎవరిదో ఇంగ్లీషు మీడియం స్కూలు వార్షికోత్సవం, నెమలి వేషంలో పిల్లలు. చింతలపూడి వైపు ఎవరో పామాయిల్ తోట వాళ్ళ గృహప్రవేశం. ఆ డిస్కులో మా అమ్మ ఉండాల్సిన చోటల్లా వీళ్ళు కూర్చున్నారు.

“నాకు తెలియదక్కయ్యా” అంది తోటికోడలు. “అట్టపెట్టెలో ఉంటే అలాగే ఉందనుకున్నాను.”

“కింద పాతవి ఉండవా అమ్మా?” అని అడిగాను. గోడకి సున్నం కొడితే కింద పాత రంగు ఉంటుంది కదా, అలా ఏమైనా గోకితే వస్తుందేమోనని.

“ఉండవండి. రాసినదాని మీద రాస్తే పాతది ఉండదు. మీ దాంట్లో సగం ముక్కలున్నాయి కానీ, వీడియో అంటే పెద్దది కదా, మధ్య మధ్య ముక్కలు లేకపోతే తెరుచుకోదు.” “మరీ చిన్నవి మాత్రం కొన్ని దొరికాయండి. చిన్నవైతే ఒక్క ముక్కలోనే మొత్తం పట్టేస్తాయి, రెండో డిస్కుతో పని ఉండదు. వీడియోల లిస్టులో గోరంత బొమ్మలు కనబడతాయి చూడండి, అవి” అంది.

వాటిని తెర మీద పరిచింది. అన్నీ వేలి గోరంత బొమ్మలు. బాసికాలు కట్టిన నుదుళ్ళు, విస్తరాకులు, ఎవరివో జడలు, మామగారి చెయ్యి. ఎవరిదో అప్పగింతల ఏడుపుకీ ఎవరిదో ఐస్‌క్రీము స్టాలుకీ మధ్య మా అమ్మ ఉంది. ముక్కుపుడక కూడా కనబడనంత చిన్న బొమ్మ. నోరు తెరిచి ఉంది. పాడుతోందో, నవ్వుతోందో తెలియదు. ఆ అమ్మాయి దాన్ని పెద్దది చేస్తే గళ్ళు గళ్ళుగా విడిపోయింది.

ఆ బొమ్మని ఫోనులో వేసిచ్చింది. పని అవలేదు కాబట్టి ఏమీ వద్దంది. డిస్కుని మళ్ళీ కండువాలో చుట్టుకుని బయటకొచ్చాను.

మరుసటి రోజు మరిది ఫోను చేశాడు. తోటికోడలు చెప్పేసినట్టుంది.

“వదినగారూ, ఆ రోజే చెప్పాను కదండీ, ఒక్కటి దేనికీ పనికిరాదని. పనికిరానిదాన్ని ఎన్నాళ్ళు ఉంచుకుంటాను? ఆ వారమే ఖాళీ చేసుకుని వాడుకున్నాను.”

“నేను గడపలో నిలబడి చెప్పాను కదయ్యా, మా అమ్మ పాట ఉందని.”

“విన్నానండి” అన్నాడు. అబద్ధం ఆడనందుకు మెచ్చుకోవాలో, విని కూడా చేసినందుకు ఏమనాలో తెలియక నేనే ఫోను పెట్టేశాను.

మావారికి చెప్పక తప్పలేదు. నేను చెబుతున్నంతసేపూ ఆయన మొహం వెలిగిపోయింది. అది నేను మరిచిపోలేను.

“చూశావా? నేను చెబితే నమ్మలేదు. వాడు ఎలాంటివాడో ఇప్పటికైనా తెలిసిందా? నేను దాచాను, వాడు తుడిచేశాడు.”

దాచింది నేను. ఆయన టీవీ బల్ల మీద వదిలేశారు. అయినా ఆ రోజు నుంచి ఇంటికి ఎవరొచ్చినా ఆయన ఆ కథ చెబుతారు. మా ఆవిడ వాళ్ళమ్మ పాట తుడిచేశాడండీ అని కాదు, మా అత్తగారి పాట తుడిచేశాడండీ అని. అత్తగారు బతికుండగా ఆవిడ పాట ఒక్కటి ఆయన కూర్చుని వినలేదు. ఇప్పుడు ఆ పాట పోవడం ఆయనకి బాగా అక్కరకొచ్చింది. ఆ గళ్ళ బొమ్మని పెద్దది చేయించి ఫ్రేము కట్టిస్తానన్నారు, వచ్చినవాళ్ళకి చూపించడానికి వీలుగా ఉంటుందని. వద్దన్నాను.

మా అమ్మాయి సీమంతం మొన్న కార్తీకంలో చేశాం. అన్నదమ్ములిద్దరూ వచ్చారు, ఇద్దరూ కెమెరాలు తెచ్చారు, పీటకి అటొకరు ఇటొకరు నిలబడ్డారు. గాజులు తొడిగాక పేరంటాళ్ళు, “మీ అమ్మగారి పాట నువ్వు పాడు, నీకు మాట మాట వచ్చు కదా” అన్నారు. వచ్చు. మొదటి నెల నుంచి తొమ్మిదో నెల దాకా ఒక్క మాట పోకుండా వచ్చు.

“పాడండి వదినగారూ” అన్నాడు మరిది. “ఇప్పుడు డిస్కుల గొడవ లేదండి. తీసింది తీసినట్టు క్లౌడులోకి వెళ్ళిపోతుంది. ఎన్నాళ్ళైనా పోదు.”

“నా దాంట్లో కూడా పడుతుంది, నువ్వు పాడు” అన్నారు మావారు, తమ్ముడి వైపు చూడకుండా.

నాకు గొంతు బాలేదన్నాను. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. “పిన్నికి అమ్మమ్మ పాడింది కదమ్మా, నాకు నువ్వు పాడవా?” అంది. దానికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ రోజు దాన్ని బాధపెట్టాను, ఎందుకో చెబితే దానికి అర్థమయ్యేదో లేదో, చెప్పలేదు.

ఏలూరు నుంచి వచ్చాక వంటింట్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడల్లా ఆ పాట పాడుకునేదాన్ని. మొదట్లో నేను పాడుతుంటే లోపల మా అమ్మ గొంతు వినబడేది. పాడినకొద్దీ అది సన్నబడింది. ఒకరోజు అయిదో నెల దగ్గరికొచ్చి, ఆవిడ నవ్వు వస్తుందని ఆగాను. రాలేదు. నా గొంతే వినబడింది. దోనె తిరగబడింది, పంచె పోయింది, తర్వాత ఆరో నెల వచ్చేసింది. ఆవిడ గొంతు మీద నా గొంతు పడిపోతోందని అప్పుడు తెలిసింది. ఆ వేళ నుంచి పాడడం మానేశాను. మిగిలిన కాస్తా ఉంటే ఉంటుంది.

పేరంటాళ్ళు కాసేపు చూసి, తాంబూలాలకి టైమవుతోందన్నారు. ఎవరో ఫోను తీసి స్పీకరులో ఏదో సీమంతం పాట పెట్టారు. పాడినావిడ ఎవరో కానీ బాగానే పాడింది. మధ్యలో ఎక్కడా నవ్వలేదు.